పావు వంతు తీసేస్తే

మా పెదనాన్న నవలల్లో మనుషుల్ని నమ్మడు. నమ్మకపోతే ఊరుకోవచ్చు కదా, ఊరుకోడు. వాళ్లు చేశామన్న పని తనూ చేసి చూసి, సరిపోతేనే పేజీ తిప్పుతాడు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగమంతా అంగళ్ల వెంట తిరిగి కాటాలు పరీక్షించిన మనిషి. రిటైరయ్యాక అంగళ్లు లేక నవలల మీద పడ్డాడు. సరైన కాటాకి ముద్ర వేసినట్టే, పరీక్షకు నిలిచిన వాక్యం మీద బొటనవేలితో ఒక్కటి నొక్కి "ముద్ర!" అనేవాడు.

ఒక నవల్లో నాయిక ఏడ్చి ఏడ్చి దిండంతా తడిపేసిందట. పెదనాన్న దిండు తెచ్చుకుని, చెంచాతో నీళ్లు పోస్తూ కూర్చున్నాడు. గిన్నె ఖాళీ అయింది గానీ దిండు సగం కూడా తడవలేదు.

"ఈవిడ ఏడవలేదు. చెంబుతో గుమ్మరించుకుంది. ముద్ర వెయ్యను."

"అది తేల్చడానికి నా దిండే దొరికిందా మీకు?" అంది పెద్దమ్మ.

"నాది తడిపితే నేనెక్కడ పడుకోను?"

మా నాన్న ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు చూసేవాడు. అంటే ఆయనా ఎవర్నీ నమ్మడు. అన్నదమ్ములకు తేడా ఒక్కటే. నాన్న నమ్మక ఫైలు మూసేస్తాడు, పెదనాన్న నమ్మక తెరుస్తాడు. ఇద్దరి కాపురాలూ మూడో అంతస్తులో ఒకే ఇంట్లో. మధ్యలో నేను, పదిహేనేళ్ల దాన్ని, గోరంతను కొండంత చేసి చెబుతానని పేరు మోసినదాన్ని.

ఆ రోజుల్లో లైబ్రరీ నుంచి ఒక నవల తెచ్చాను. పదహారేళ్ల కుర్రాడు తన కథ తనే చెప్పుకుంటాడు. అటక మీద ఎవరో నడుస్తున్నారంటాడు. నిజంగా నడిచారో, వాడి బుర్రలోనే నడిచారో చివరిదాకా తేలదు. ఇంట్లో అందరం చదివాం. భోజనాల దగ్గర అదే గొడవ.

"వాడికి పిచ్చి," అన్నాడు నాన్న.

"పిచ్చీ లేదు పాడూ లేదు, పొగరు," అంది అమ్మ.

"తూకం వెయ్యకుండా ఎలా తేల్చేస్తార్రా?" అన్నాడు పెదనాన్న.

వాళ్లమ్మ కింద నుంచి మెట్లెక్కి వచ్చి వెళ్లేదాకా బీరువాలో ఊపిరి బిగబట్టి దాక్కున్నానంటాడు ఆ కుర్రాడు. పెదనాన్న పెద్దమ్మను కిందికి పంపి బీరువాలో దూరాడు. పెద్దమ్మ రెండో అంతస్తులో ఎవరో పలకరిస్తే మాటల్లో పడింది. ఆవిడ తీరిగ్గా వచ్చేసరికి పెదనాన్న వంకాయ రంగుకి తిరిగి, పెద్దమ్మ చీరల మధ్య నుంచి బయటపడ్డాడు.

"వీడు కొంత కలిపైనా చెప్పుండాలి," అన్నాడు రొప్పుతూ, "వాళ్లమ్మకి ఇరుగుపొరుగైనా లేకపోయుండాలి."

"అయితే పిచ్చేగా?" అన్నాడు నాన్న ఆశగా.

"తప్పు చూపించే కాటాని పిచ్చి కాటా అంటామట్రా? ఎంత తప్పు చూపిస్తుందో చూస్తాం. ఎప్పుడూ అంతే ఎక్కువ చూపిస్తే, అంత తీసేసి చదువుకోవచ్చు. ఈ కుర్రాడు ప్రతిదానికీ పావు వంతు కలుపుతున్నాడు. మిగతా ముప్పావు నిజమే."

సరిగ్గా అప్పుడే నా గది గోడ మోగడం మొదలైంది. గోడకు అవతల పక్కవాళ్ల ఇల్లు. వాళ్లు తాళం చెవి మా చేతిలో పెట్టి వేరే ఊళ్లో కూతురి దగ్గరికి వెళ్లారు. ఇంట్లో నరపురుగు లేదు. అయినా మధ్యాహ్నాలు ఎవరో కొడుతున్నారు. పెద్దవాళ్లు వచ్చి చెవి పెడితే మాత్రం చడీచప్పుడూ ఉండదు.

"ఇనప రాడ్డుతో కొడుతున్నారు నాన్నా! గోడ ఊగిపోతోంది!"

నాన్న ఫైలు మూసేశాడు. నవల ప్రభావమన్నాడు. లైబ్రరీ కార్డు తీసేసుకున్నాడు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాడు. తలుపు తీసి చూద్దామంటే, "వాళ్లకి ఫోన్ చేసి ఏమని అడగను? మా పిల్లకి చప్పుళ్లు వినిపిస్తున్నాయనా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అంతకంటే, నిజంగానే నాకేదో అయిందేమోనని భయం వేసింది.

పెదనాన్న నన్ను కూర్చోబెట్టాడు. "నువ్వూ పావు వంతు కలుపుతావు. ఇనప రాడ్డు తీసేద్దామా?"

"తీసెయ్."

"గోడ ఊగడం?"

"అదీ తీసెయ్."

"చప్పుడు మిగిలింది. పద, తూచేద్దాం."

స్టీలు గ్లాసు గోడకు ఆనించి, చెవి గ్లాసుకు ఆనించి నా గదిలో ఒక్కడే కూర్చున్నాడు. తలుపు బయట మేమంతా. "నా గ్లాసు సొట్ట పడకుండా చూసుకోండి!" అని పెద్దమ్మ కేక. చాలాసేపటికి బయటికొచ్చి, బొటనవేలు గాల్లో నొక్కాడు.

"వినిపించింది. ముద్ర!"

పెదనాన్న ముద్ర పడ్డాక నాన్నకు ఫైలు తెరవక తప్పలేదు. ఫోన్ చేసి, అనుమతి తీసుకుని తాళం తీశాడు. బాత్రూంలో, వెంటిలేటర్ పగిలిన గాజు పలకలోంచి దూరిన పావురం ఒకటి వాష్‌బేసిన్ మీద బుద్ధిగా కూర్చునుంది. మేము తెల్లమొహాలు వేశాం. అంతలో మబ్బు విడిపోయి, గోడకున్న అద్దం మీద ఎండ పడింది. అద్దంలో ఇంకో పావురం కనబడగానే దీనికి ఒళ్లు మండింది. టక్ టక్ టక్! అద్దం బిగించింది నా గది గోడకే.

నాన్న కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. డాక్టరు మాట మళ్లీ ఎత్తలేదు.

కొన్నాళ్లకు, మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం, కిటికీ దగ్గర కూర్చున్న నాకు ఠక్కున వెలిగింది. ఎండ లేకపోతే పావురం పొడవదు. ఆ రోజు తాళం తీసేదాకా మబ్బే.

"పెదనాన్నా, ఆ రోజు గ్లాసులో నీకేం వినిపించింది?"

ఆయన పుస్తకంలోంచి తలెత్తలేదు. "మీ పెద్దమ్మ గ్లాసు కోసం గోల."

"మరి ముద్ర వేశావు?"

"ఉద్యోగం మొత్తంలో ఒక్కటంటే ఒక్క దొంగ ముద్ర కొట్టలేదే. అది మొదటిది. పట్టేశావు, శభాష్. పెద్దమ్మకి చెప్పకు, దిండు కేసు తిరగదోడుతుంది."

అన్నట్టు, ఇదంతా చెప్పింది నేనని మరిచిపోకండి. దిండు నీళ్లలోనూ, బీరువాలో వంకాయ రంగులోనూ నేను కొంత కలిపే ఉంటాను. పావు వంతు తీసేసుకోండి. పెదనాన్న మిగులుతాడు.