ఇప్పచెట్ల నడుమ బాట

మొహసిన్ తండ్రి ఖమ్మంలో సైన్‌బోర్డులు రాసేవాడు. ఎత్తైన గోడ మీది అక్షరాలు కింద నిలబడ్డవాళ్లకు సమంగా కనబడాలంటే పైవరసను కాస్త సాగదీయాలని కొడుక్కి చిన్నప్పుడే నేర్పాడు. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని పోయాక ఆ విద్యే మొహసిన్‌కు బతుకుతెరువైంది. కారేపల్లి బడి వరండాలో అతను గీసిన గుంటను పిల్లలు ఎగిరి దాటేవారు. హైదరాబాద్ మాల్స్‌లో నేల మీద అతను గీసిన లోయల అంచున జనం భయపడుతూ ఫోటోలు దిగేవారు.

ఒకసారి భద్రాచలంలో ఒక దవాఖానావాళ్లు వార్డు గోడలకు బొమ్మలు వేయమని పిలిచారు. కిటికీ లేని మూల మంచంలో జంపక్క అనే కోయ ముసలామె ఉంది. ఇప్పపువ్వు ఏరబోయి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది.

"గీ గోడ నా మీదికొస్తున్నట్టుంది బిడ్డా. ఊపిరాడతలేదు," అంది.

"మరి ఏం కనబడాలె అవ్వా?"

"మా వాగుకు పోయే బాట. ఇప్పచెట్ల నడుమ పోతది."

మొహసిన్ ఆమె దిండు పక్కన తల ఆనించి గోడను చూశాడు. లేచి వెళ్లి ఒక గీత గీసేవాడు, మళ్లీ వచ్చి తల ఆనించేవాడు. "గా చెట్టు అంత నిటారుగ ఉండదు," అని జంపక్క సరిదిద్దేది.

నర్సు వనజ చూసి, "ఏందన్నా, బాట గింత వంకరపోయింది?" అంది.

"అవ్వ దిండు కాడ వంగి చూడు సిస్టర్."

వంగి చూసిన వనజ కాసేపు లేవలేదు. గోడ మాయమై, బాట దూరంగా వాగు దాకా సాగింది.

ఆ రోజు నుంచి జంపక్క అటు తిరిగే నిద్రపోయేది. "ఇయ్యాల వాగు దాకా పోయొచ్చిన," అని పొద్దున్నే వనజకు చెప్పేది.

ఇంటికి వెళ్లేనాడు వాకర్ పట్టుకుని లేచి నిలబడి గోడ చూసింది. ఏవో ఆకుపచ్చ చారలు తప్ప ఏమీ లేవు.

"అయ్యో, నా బాట ఏడబోయింది?"

"లేచి నిలబడ్డవ్ గద అవ్వా. అది పండుకున్నోళ్లకే అగుపిస్తది," అన్నాడు మొహసిన్.

జంపక్క నవ్వి, రంగులంటిన అతని చేతిని తన చెంపకు ఆనించుకుంది.

తర్వాత ఆ మంచంలోకి తల్లాడ లారీ డ్రైవర్ వీరబాబు వచ్చాడు. కాలు విరిగింది. "అడవి బాగనే ఉన్నది గానీ, నాకు రోడ్డు కావాలె అన్నా," అని అడిగాడు. మొహసిన్‌కు ఆ బాట చెరపాలనిపించలేదు. రెండోవైపు ఖాళీ గోడ చూసి, వీరబాబు మంచాన్ని అటు తిప్పమని వనజను అడిగాడు. తారు రంగు కలుపుతూ, "ఏ ఊరి రోడ్డు తమ్మీ?" అన్నాడు.