ఎనిమిది నిమిషాల కిందటి ఎండ

మా చెరుకు మడిలో నిలబడితే బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కనబడేది. మధ్యాహ్నం అక్కడ ముందు తెల్లటి ఆవిరి లేచేది, కూత తర్వాత వచ్చేది. కూలీలంతా కూత కోసం చెవులు రిక్కిస్తే, మా బాపు మాత్రం ఆవిరి చూడగానే కొడవలి కింద పెట్టి వేళ్లు మడిచేవాడు. పదో వేలు మడిచేసరికి కూత వినబడేది. ఇది ఆయనకు ఎవరూ నేర్పలేదు, తానే చూసి తెలుసుకున్నాడు.

అరవైల్లో నేను ఏడో తరగతి. తరగతిలో ఆడపిల్లలం ముగ్గురమే. బడి నుంచి ఒక్క ఫిర్యాదు వస్తే చాలు, చదువు మాన్పించి చెరుకు కొట్టడానికి పంపుతారని నాకు తెలుసు. తెలిసి కూడా నోరు ఆపుకోలేకపోయాను.

సైన్సు సారు బదిలీ అయిపోయాక హెడ్మాస్టరే ఆ పాఠాలు చెప్పేవాడు. వెలుగు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుందని సైన్సు పుస్తకంలో ఉంది. సూర్యుడు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని భూగోళం పుస్తకంలో ఉంది. రెండూ పలక మీద పెట్టి భాగించాను. ఐదు వందల సెకన్లు వచ్చింది.

"సార్, ఇప్పుడు మన మీద పడే ఎండ ఎనిమిది నిమిషాల కింద బయలెల్లింది" అన్నాను.

"కళ్లు తెరవంగనే ఎండ కనబడ్తలేదా? ఏ పుస్తకంలో ఉన్నది నువ్వు చెప్పేది?"

"పుస్తకంలో లేదు సార్. లెక్కల ఉన్నది."

తరగతి నవ్వింది. తప్పైందని చెప్పేదాకా బయట నిలబడమన్నాడు. మూడు రోజులు నిలబడ్డాను. నాలుగో రోజు బాపును పిలిపించారు.

ఇక చెరుకు మడే అనుకున్నాను. అయినా తల దించలేదు.

"నీ బిడ్డ ఎదురు మాట్లాడ్తది. తప్పైందని చెప్పుమను, లోపలికి రానిస్త" అన్నాడు హెడ్మాస్టర్.

బాపు నా పలక తీసుకుని ఆయన ముందు పెట్టాడు. "లెక్క ఏడ తప్పింది సారూ? గది చూపెట్టుండ్రి. తప్పుంటె చెప్తది."

హెడ్మాస్టర్ బలపం తీసి రెండుసార్లు భాగించాడు. బలపం కింద పెట్టి అన్నాడు: "లెక్క ఒప్పే. మాట తప్పు."

"అయితె బయటనే నిలవడ్తది. బయటికి గూడ పాఠం ఇనబడ్తది గదా" అన్నాడు బాపు.

ఇంటికి నడుస్తుంటే అడిగాడు. "మరి సుక్కలు సూర్యుని కన్న దూరమా?"

"శానా దూరం బాపు. కొన్నిటి వెలుగు తాత పుట్టకముందే బయలెల్లింది."

ఫ్యాక్టరీ ఉన్న వైపు చూశాడు. తర్వాత అన్నాడు: "కూత ఆగుకుంట వస్తది, నాకెర్కే. వెలుగు గూడ గట్లనే వస్తదంటె నాకు నమ్మబుద్ధి అయితలేదు. గని లెక్క తప్పని ఆయన చూపియ్యలే. నువ్వు ఒప్పుకోకు బిడ్డా."

నమ్మకుండానే ఆయన నా పక్కన నిలబడ్డాడు. నమ్మి నిలబడేవాళ్లను ఆ తర్వాత చాలామందిని చూశాను. వాళ్లెవరూ ఆయనకు సాటి రారు.

పరీక్షల దాకా కిటికీ బయట నిలబడే చదివాను. ఎండ నెత్తిన పడేది. ఎనిమిది నిమిషాల కిందటి ఎండ. తప్పైందన్న మాట ఇప్పటికీ అనలేదు.