లెక్కలోకి రాని పిడికెడు

మొన్న ఆళ్లగడ్డ నుంచి తిరిగొస్తూ నంద్యాల బస్టాండు దగ్గర ఆటో ఎక్కాను. ఒళ్ళో గోంగూర సంచి, భుజానికి బ్యాగు, మోకాళ్ళలో నొప్పి, మొత్తానికి యాభై దాటిన ఇల్లాలి అవతారం. ఆటో అతను బండి తీస్తూనే పాట పెట్టాడు. సీటు వెనక బిగించుకున్న స్పీకరు దడదడలాడింది. మొదటి దెబ్బకే గుర్తుపట్టాను. బియ్యం జారే చప్పుడు, దాని వెనక రాతి మీద ఉలి టకటక, వాటి మీద ఒక ముసలాయన సాగదీసి అంటున్న లెక్క. ఆ ముసలాయన మా మామగారు. ఆ బియ్యం మా ఇంటి బియ్యం. ఆ పాట చేసింది నేను. “బాగుండాదా అక్కా?” అన్నాడు ఆటో అతను అద్దంలో చూస్తూ. “మన నంద్యాల పిల్లోడే చేసినాడంట. బియ్యమంగడోళ్ళ పిల్లోడు. అంతా ఇంట్లో కూర్చోని, కంప్యూటర్లోనే.” “అది నేను చేసినానప్పా,” అన్నాను. అతను నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, పెద్దావిడను నొప్పించకూడదనుకునే నవ్వు. “అట్నా అక్కా,” అని నా గోంగూర సంచి వైపు ఒకసారి చూసి సౌండు ఇంకాస్త పెంచాడు. ఇల్లు చేరేదాకా పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

కోపం తగ్గించుకోమని డాక్టరు గారు చెబుతున్నారు, మా ఆయన చెబుతున్నారు, పొద్దున్నే ఫోనులో గులాబీపువ్వు బొమ్మతో వచ్చే సూక్తులు కూడా చెబుతున్నాయి. నేను తగ్గించుకోను. ఎందుకు తగ్గించుకోనో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఆళ్లగడ్డలో మా నాయనది బట్టల అంగడి. అంగడి వెనక రోడ్డంతా శిల్పులు. రేకుల షెడ్ల కింద సగం సగం దేవుళ్ళు, తలలేని నందులు, ముఖం ఇంకా రాని అమ్మవార్లు. పొద్దున లేచింది మొదలు ఉలి చప్పుడే. నాకు సంగీతం నేర్పిన గురువులెవరూ లేరు గానీ, ఇంట్లో కూర్చుని చెవితోనే ఏ షెడ్డులో పని ఎంతదాకా వచ్చిందో చెప్పేదాన్ని. రాయి మొరటుగా ఉన్నప్పుడు దెబ్బ బరువుగా పడుతుంది. ముక్కు దగ్గరికొచ్చేసరికి ఉలి గొంతు తగ్గించుకుంటుంది. అది వింటూ నేను నిలబడిపోతే మా అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది. “అంగడోళ్ళ పిల్లవి, ఆ రాళ్ళ కాడ నీకేం పనే?” అని. ఈ ప్రశ్నకు జవాబు నాకు ముప్పై ఏళ్ళ తరువాత దొరికింది. ఫోను చేత్తో పట్టుకుని అదే షెడ్డు ముందుకు వెళ్ళి, చప్పుడు రికార్డు చేసుకుంటానంటే, అక్కడి పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, “రాయి కొనేవాళ్ళను సూసినా గానీ, చప్పుడు కొనేదాన్ని నిన్నే సూస్తాండా తల్లీ,” అన్నాడు. అయినా కుర్చీ వేయించి టీ తెప్పించాడు.

నన్నిచ్చింది నంద్యాలలో బియ్యం వ్యాపారం చేసే ఇంటికి. ముందు అంగడి, వెనక మేము, మధ్యలో బస్తాలు పేర్చే గది. ఆ మధ్యగదే నా స్టూడియో అంటే మా వాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. నాలుగు గోడలకూ పైకప్పు దాకా బియ్యం బస్తాలుంటే ఆ గదిలో చిటికె వేసినా ఆ చిటికె ఒక్కటే వినిపిస్తుంది, వెనక మారు మోత ఉండదు. పట్నాల్లో అందుకోసమే గోడలకు ఏవేవో మెత్తలు అతికించుకుంటారని తరువాత తెలిసింది. నాకు మా మామగారి సరుకే మెత్త. అంగడికి కొత్త కంప్యూటరు వచ్చినప్పుడు పాతది ఆ గదిలో పడేశారు. దాన్ని దుమ్ము దులిపి, పార్సిల్లో రెండు జానల కీబోర్డు ఒకటి తెప్పించుకుని, వీడియోలు చూసి పాట కట్టడం నేర్చుకున్నాను. మధ్యాహ్నం అంతా భోంచేసి పడుకున్నాక నా పని మొదలు. తవుడు వాసన, మెడ మీద పాకే పురుగులు, బస్తాల సందుల్లో ఎలుకలు. ఎలుకలు రెండు మూడు పాటల్లో ఉన్నాయి కూడా, తీసెయ్యడం చేతకాక వదిలేశాను.

ఆ ఇంట్లో నా పనిని పని అనుకున్నది మామగారొక్కరే. మొదటిసారి కీబోర్డు చూసి, “ఏందమ్మా ఇది, హార్మోనియానికి పుట్టిన పిల్లా?” అన్నారు. ఒక వారం సరుకు బాగా పోయి గది సగం ఖాళీ అయింది. నా పాటంతా బావిలో పాడినట్టు మోగుతోంది. వెళ్ళి ఆయనతోనే మొర పెట్టుకున్నాను. ఆయన ఉత్తరం గోడ వరుస ఎవరూ ముట్టకూడదన్నారు. బేరానికొచ్చినవాళ్ళు ఆ బస్తాల మీద చెయ్యి వేస్తే, “అది కోడలి వరుస, అమ్మేది కాదు,” అని చెప్పేవారు. మా మరిదికి మాత్రం ఇది ఒళ్ళు మండే విషయం. వ్యాపారం చేస్తున్నామా, వదిన ఆటలకు గోడలు కడుతున్నామా అని గొణిగేవాడు. మామగారు పక్కన లేనప్పుడే గొణిగేవాడు లెండి.

అంగడిలో కరెంటు కాటా వచ్చి ఎన్నేళ్ళయినా, కొత్త బియ్యం వచ్చిన రోజు మామగారు ఇత్తడి శేరు బయటికి తీసేవారు. ఆ రోజు బస్తాలు మోసే హమాలీలందరికీ తలా నాలుగు శేర్లు తన చేత్తో కొలిచి పెట్టాలి. కొలిచేటప్పుడు మావాళ్ళు ఒకటి అనరు. మొదటి కొలతకు “లాభం” అంటారు. ఆ తరువాతే రెండు, మూడు. శేరు నిండి, పైన పొర్లింది చేత్తో తలగొట్టి, సంచిలో పడేదాకా ఆ మాటనే సాగదీస్తూ ఉంటారు, లెక్క మరిచిపోకుండా. మామగారి గొంతులో అది పాటే. “లాభం… లాభం…” అని కింది నుంచి మొదలై, “నాలుగు” దగ్గరికి వచ్చేసరికి కొండెక్కినట్టు పైకి పోయేది. అయితే అసలు సంగతి నాలుగుతో ముగియదు. నోరు మూసుకుని, ఒక పిడికెడు బియ్యం తీసి సంచిలో విదిలించేవారు. దానికి అంకె లేదు, మాట లేదు. అది కొసరు. లెక్క మనది, కొసరు దేవుడిది అనేవారు. కొసరు వెయ్యని చేతికి మళ్ళీ సరుకు రాదని ఆయన నమ్మకం.

ఆయన ఆఖరిసారి కొలిచిన రోజు నేను రికార్డు చేశాను. ఆఖరిసారని అప్పుడు తెలియదు. ఆ పాట కట్టడానికి నాకు ఒక చలికాలమంతా పట్టింది. కష్టమంతా ఆ పిడికెడు దగ్గరే. ఈ కంప్యూటర్ సంగీతంలో తెర మీద గడులుంటాయి, నాలుగేసి దెబ్బలకు ఒక గడి. లాభం, రెండు, మూడు, నాలుగు చక్కగా గడిలో కూర్చుంటాయి. కొసరు కూర్చోదు. గడి దాటి బయట పడుతుంది. మొదట నేనూ దాన్ని ఇరికించాలని చూశాను, ప్రాణం పోయినట్టు వినిపించింది. చివరికి గడులనే చెరిపేసి, ప్రతి నాలుగు దెబ్బల తరువాత ఐదోదానికి చోటిచ్చాను. ఆ చోటులో గొంతు ఉండదు, ఉలి ఉండదు, బియ్యం విదిలించిన చప్పుడు మాత్రం సర్రున జారుతుంది. పాటంతా దానికోసం కాచుకుని ఉన్నట్టు ఉంటుంది. గొప్పలు చెప్పుకోవడం మా ఇంట్లో ఆడవాళ్ళకు అలవాటు లేదు గానీ, అది మంచి పని. నాకు తెలుసు.

మామగారికి హెడ్‌ఫోను పెట్టి వినిపించాను. బస్తా మీద కూర్చుని కళ్ళు మూసుకుని విన్నారు. “ఇది నా గొంతు గాదు పాపా. మా నాయనది,” అన్నారు కాసేపటికి. మీదే మామా అంటే ఒప్పుకోలేదు. తన గొంతు ఇంత బాగుండదని వాదన. లేవబోతూ, “కొసరేసినావే!” అని ఒక్కసారి నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయారు. నాకు ఏ సభలోనూ శాలువా కప్పలేదు. కప్పినా ఆ చెయ్యి ముందు దిగదుడుపే.

ఆయన పోయారు. పోయిన కొన్నాళ్ళకు, ఆ పాటను నలుగురూ వినాలనిపించింది నాకు. దానికి నెట్‌లో ఏవో ఖాతాలు తెరవాలి. బెంగళూరు ఉద్యోగం ఇంటి నుంచే చేస్తున్న మా మరిది కొడుకు, “నేను పెడతాలే పెద్దమ్మా, నువ్వు పాట ఇయ్యి,” అన్నాడు. ఏ పేరుతో పెట్టాలని అడిగాడు. నా పేరు చెప్పాను. చెబుతుంటే నా నోటికే కొత్తగా ఉంది. ఈ ఇంట్లో నాకు పిలుపులున్నాయి గానీ పేరు లేదు. వదినా, పెద్దమ్మా, పాపా, ఏమే. పెళ్ళి శుభలేఖ తరువాత నా పేరు ఎక్కడా అచ్చు పడలేదు. ఇన్నాళ్ళకు పడుతుందని సంబరపడ్డాను. పెట్టానన్నాడు. జనం వింటున్నారన్నాడు. ఏదీ చూపించు అంటే, రేపు రేపు అన్నాడు.

ఆ రేపు మామగారి సంవత్సరీకం రోజున వచ్చింది. బ్రాహ్మలు వెళ్ళిపోయాక చుట్టాలంతా గారెలు తిని హాల్లో చేరగిలబడి ఉన్నారు. మా మరిది గర్వంగా, “మావోడు నాయన గొంతుతో పాట కట్టినాడు, ఊరంతా అదే వింటాండారు,” అన్నాడు. మావోడు! నేను వంటింటి గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడ్డాను. వాడు స్పీకరు పెట్టాడు. చుట్టాల చేతులు మారుతున్న ఫోనులో పాట కింద వాడి పేరే ఉంది, నాది కాదు. లాభం, రెండు, మూడు, నాలుగు. వెంటనే మళ్ళీ లాభం. కొసరు లేదు. మళ్ళీ చెవి పెట్టాను. లేదు. పాట చివరిదాకా ఒక్క పిడికెడు కూడా లేదు. చచ్చిపోయిన మనిషి చెయ్యి పట్టుకుని ఎవరో వెనక్కి గుంజినట్టయింది నాకు.

“కొసరు యాడ పోయింది?” అన్నాను. హాలంతా నా వైపు తిరిగింది. వాడు నవ్వుతూ, “అది ఒక దెబ్బ ఎక్కువుండాది పెద్దమ్మా. డీజేలు కలపలేకుండాండారు. తప్పు పడిందనుకోని తీసేసినా,” అన్నాడు.

“తప్పా? మీ తాత బతికినన్నాళ్ళూ ఏసిన పిడికెడు నీకు తప్పుగా కనపడిందా? బియ్యమంగడిలో పుట్టి కొసరు కోసేసినావు. పేరు సూస్తే నాది కోసేసినావు. పాటలో ఇంక నువ్వు చేసిందేందిరా, కోసేది తప్ప?”

మా మరిది సర్దిచెప్పే గొంతుతో అందుకున్నాడు. “పండగ పూట... అదే, తద్దినం పూట ఈ రచ్చ ఎందుకొదినా? ఎవురి పేరైతే ఏముంది, మన ఇంటి పేరే గదా.”

“అయితే రేపు అంగడి బోర్డు మింద నీ పేరు చెరిపి నా పేరు రాయించు. ఎవురి పేరైతే ఏముంది, మన ఇంటి అంగడే గదా.”

మా పెద్ద ఆడబిడ్డ గారె కొరకబోయి ఆగిపోయింది. మా ఆయన లేచి వచ్చి, “పోనీలే,” అన్నారు. ఆయనకు ఆ మాట తాంబూలం లాంటిది, భోజనమైనా జగడమైనా చివర అదే పడాలి. ఆ రోజు మొదటిసారి ఆయన మీద కూడా అరిచాను. పోనివ్వడానికి అది మీ సొమ్మా అన్నాను. చేతిలో గిన్నె కింద పెట్టాను. విసిరేశానని మావాళ్ళు చెప్పుకుంటారు. విసరలేదు, విసరాల్సింది.

ఆ తరువాత న్యాయం జరిగిందనుకునేరు. అంగడి బోర్డు మీద పాత పేరే ఉంది. వాడు పాట కింద, ఇంకా చదవండి అని నొక్కితే తప్ప కనిపించని చోట, “కుటుంబ సభ్యులకు కృతజ్ఞతలు” అని చేర్చాడు. అంటే ఇప్పుడు నేను కుటుంబ సభ్యులను. పేరు మార్చరా అంటే, ఇప్పుడు మారిస్తే వినేవాళ్ళు పోతారంటాడు. నేనే కుస్తీ పట్టి ఖాతా తెరిచి, కొసరుతో సహా అసలు పాటను నా పేరుతో పెట్టాను. విన్నవాళ్ళు బహు కొద్దిమంది. వాళ్ళలో ఒకాయన కింద రాశాడు కదా, “ఇది ఫలానా కుర్రాడి పాటకు కాపీ, పైగా తాళం కూడా తప్పింది” అని. ఆ రోజు నేను అన్నం తినలేదు. ఆ పిల్లవాడికి సంబంధాలు చూస్తున్నారు, పెళ్ళిచూపుల్లో కూడా ఆ పాట వినిపిస్తున్నారట. నేను కాఫీలు అందించడానికి వెళ్ళడం మానేశాను. మధ్యగదిలో తలుపేసుకుని కొత్త పాటలు కడుతున్నాను. అన్నీ ఐదు దెబ్బలే.

నిజం కాలమే బయటపెడుతుందని మా ఆయన ఓదారుస్తారు. నేను చూసినంతలో కాలం తనంతట తాను ఏదీ బయటపెట్టదు, ఎవరు ఎక్కువసార్లు చెబితే వాళ్ళకు వంత పాడుతుంది. ఇంకో పదేళ్ళకు ఆ పాట తనే కట్టానని ఆ పిల్లవాడు మనసారా నమ్ముతాడు. ఆపైన ఇంకో పదేళ్ళు బతికితే, అవును కాబోలు, వాడే కట్టాడేమో అని నేనూ అనుకోవచ్చు. అందుకే ఈ కోపాన్ని చల్లారనివ్వడం లేదు. ఈ వయసులో జ్ఞాపకాన్ని నమ్ముకోలేం, కోపమే దానికంటే నాలుగేళ్ళు ఎక్కువ నిలుస్తుంది.