చేదు మందు తర్వాత

దయ్యాలు లేవన్న పక్షాన కాలేజీ చర్చాపోటీల్లో వాదించి గెలిచినదాన్ని. ఆ పక్షం నేటికీ మారలేదు. కనుక దీన్ని వాదనగా కాక, జరిగిన విషయంగానే చదవండి.

మా తాత ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. క్యాన్సర్ చివరి దశలో ఝపటాపూర్‌లోని మా ఇంట్లోనే ఉన్నారు. మింగే శక్తి పోయింది. నొప్పి మందును సూది లేని సిరంజితో బుగ్గకూ చిగుళ్లకూ మధ్య చుక్కలుగా వెయ్యాలనీ, అది అక్కడే ఇంకుతుందనీ పక్కనున్న ఇందా పేట నుంచి వచ్చే నర్సు దీదీ నేర్పింది. ఇంకేం పెట్టినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని హెచ్చరించింది.

ఆ మందు పరమ చేదు. స్పృహ అంతంతమాత్రమైనా తాత ముఖం ముడుచుకునేది. నాయనమ్మ బతికుండగా ఆయన మాత్ర వేసుకున్న వెంటనే పటికబెల్లం పలుకు నోట్లో పెట్టేది. అది లేనిదే, ఇనుము వంచిన ఆ మనిషి ఇంకో మాత్ర ముట్టేవారు కాదు. ఆవిడ పోయాక, మాతోనే ఉండే మేనత్తకు షుగరు రావడంతో, ఇంట్లో పటికబెల్లం కొననే లేదు.

ఒక మధ్యాహ్నం మందు వేశాక తాత నోరు తుడుస్తుంటే, తడిగుడ్డకు పటికబెల్లం పలుకు అంటుకొని వచ్చింది. గొంతులోకి జారి ఉంటే? ప్రేమకొద్దీ పెట్టావు కదా అని అత్తను నిలదీశాను.

“నీ డిబేట్లు కాలేజీలో సేసుకోవే. నువ్వు వద్దన్నాక నానకి నీటిసుక్కైనా పెట్టినానా నాను?” అంది. పైగా నన్నే అనుమానంగా చూసింది.

రుజువు కావాలన్నాను. సాయంత్రం మందుకు తలుపు గడియ వేసి, మంచానికి చెరోవైపు కూర్చున్నాం. తాత నోట్లో ఏమీ లేదని ఇద్దరం చూశాం. మందు వేశాను. ముఖం ముడుచుకుంది. కాసేపటికి ముడతలు సడలి, పెదవులు చప్పరిస్తున్నట్లు కదిలాయి. తుడిస్తే మళ్లీ పలుకు, సగం కరిగి.

“అమ్మకి ఎప్పుడూ తొందరే,” అని అత్త మెల్లగా నవ్వింది.

మందే గడ్డకట్టిందేమోనని అడిగాను. అందులో చక్కెరే లేదంది దీదీ.

మర్నాడు మందు వేసి, తడిగుడ్డ అందుకున్నాను. అత్త నా మణికట్టు పట్టుకుంది.

“ఆగవే. అమ్మని పెట్టనీ.”

ప్రమాదమని తెలుసు. తాత తలను మరికాస్త పక్కకు వాల్చి పట్టుకొని, ఊపిరి గమనిస్తూ, ఆ ముఖం తేరుకునేదాకా ఆగాను. ఆ వారంలోనే ఆయన నెమ్మదిగా వెళ్లిపోయారు. ఆ పలుకు ఎక్కడిదో నేనిప్పటికీ చెప్పలేను. ఆగినందుకు మాత్రం నాకు విచారం లేదు.