మోచేతి ముడత

దుకాణం తలుపు తీయగానే ఆమె ముందుగా చేసే పని, అద్దాల వెనక నిలబెట్టిన బొమ్మ చేతులు ఊడదీయడం. చేతులు తీసి మళ్లీ భుజానికి తగిలిస్తే తప్ప తోలు జాకెట్టు దానికి ఎక్కదు. బట్టల దుకాణంలో బొమ్మల్ని ముస్తాబు చేసే ఈమెను అందరూ బొమ్మలక్క అంటారు. ఆ నల్ల జాకెట్టు చనిపోయిన ఆమె భర్తది. బీరువాలో బూజు పడుతోందని తెచ్చి బొమ్మకు తొడిగింది. ఒకరోజు దాని లోపల తెల్ల చొక్కా, మర్నాడు గళ్ల చొక్కా, ఇంకోరోజు వెలిసిన జీన్సు మీద మామూలు టీషర్టు. చూసినవాళ్లు లోపలివి కొనుక్కుపోతారు. "మీ ఆయన పోయి కూడా నా వ్యాపారం నడిపిస్తున్నాడమ్మా," అంటాడు యజమాని. ఆమె గుండుసూదులు పళ్ల మధ్య పట్టుకుని తలూపుతుంది.

మొన్న ఒక యువకుడు జాకెట్టే కావాలని పట్టుబట్టాడు.

"ఇచ్చెయ్యమ్మా, ఇంకెన్నాళ్లని బొమ్మకి తొడుగుతావు?" అన్నాడు యజమాని.

ఆమె కాదనలేదు. బొమ్మ మీంచి తీసి అతనికి తొడిగి, భుజాలు సర్దింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఆగి చూసింది. రాలేదు. అప్పుడతను చెయ్యి మడిచాడు. తోలు మీద పాత ముడత ఒకచోట ఉంది, అతని మోచెయ్యి మరోచోట.

"మీకు కుదరలేదు బాబూ," అంది.

"భలేవారే అక్కా, అతికినట్టుంది కదా."

"ముడత చూడండి. ఇది ఇంకొకరి మోచెయ్యి."

అతను చూసుకుని, మెల్లగా విప్పేసి, గళ్ల చొక్కా కొనుక్కుని వెళ్లాడు.

ఇప్పుడు పగలంతా జాకెట్టు బొమ్మ మీద ఉంటుంది. దుకాణం మూశాక ఆమే వేసుకుని బస్సెక్కుతుంది. జాకెట్టు చేతులు ఆమె వేళ్లు దాటి వేలాడుతుంటాయి.