దడి మీద చీర

మాది ఐరాల దగ్గర పల్లె. మా పెరట్లో స్నానానికి కొబ్బరి మట్టలతో కట్టిన దడి ఉంది. పైకప్పు లేదు. ఇంట్లో టైల్స్ వేసిన బాత్రూం కట్టించి ఏళ్ళయినా మా అత్త అందులో అడుగు పెట్టేది కాదు. ఎండ ఎక్కాక, ఒళ్ళంతా నువ్వుల నూనె రాసుకుని, వీపు మీద ఎండ పడుతుంటే నీళ్ళు పోసుకోవాలి ఆమెకు. మోకాళ్ళ నొప్పికి అంతకు మించిన మందు లేదంటుంది.

దడి మీద చీర వేలాడుతోందంటే లోపల ఆడమనిషి ఉన్నట్టు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. పాలు పోసే అతను కూడా చీర కనబడితే దూరంగానే ఆగి, ఒకసారి దగ్గి వెనక్కి తిరుగుతాడు.

పోయిన వేసవిలో పక్కనున్న మామిడితోట కొట్టేసి ప్లాట్లు వేశారు. ఒకరోజు నేను పెరటి అరుగు మీద బియ్యం ఏరుతుంటే తేనెటీగలు లేచినట్టు శబ్దం. తలెత్తి చూస్తే డ్రోన్ సరిగ్గా దడికి పైన నిలబడి ఉంది. లోపల అత్త స్నానం చేస్తోంది. దడి మీది చీరను గబుక్కున లోపలికి లాక్కుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా ప్లాట్ల దగ్గరికి పోయాను. రిమోట్ పట్టుకున్న అతను రేణిగుంట నుంచి వచ్చాడట.

"అక్కా, నేను తీసేది ప్లాట్లు. మీ ఇల్లు నాకెందుకు?"

"దడి మీద చీర ఉండాది. కనపడలేదా నీకు?"

"కనపడింది. ఆరేసినారనుకున్నా."

అబద్ధమాడుతున్నట్టు లేడు. వీడియో చూపించాడు. మా ఇల్లు, పశువుల కొట్టం, చిన్న చదరంలో వంగిన వీపు ఒకటి. ఏడుపొచ్చింది నాకు. నా కళ్ళ ముందే ఆ వీడియోను చెరిపేశాడు. మళ్ళీ ఇటు రానన్నాడు, రాలేదు కూడా. దడి కట్టినప్పుడు పక్కనుంచి చూసేవాళ్ళ గురించే ఆలోచించాం. పైన దేవుడు తప్ప ఎవరూ లేరనుకున్నాం.

అత్త కొన్నాళ్ళు బాత్రూంలోనే పోసుకుంది. తర్వాత మళ్ళీ దడిలోకి వెళ్ళింది కానీ, చీరను పక్కన వేలాడదీయకుండా పైన పందిరిలా పరిచి నాలుగు మూలలా కట్టుకుంటోంది. ఎండ లోపలికి రాదు. సాయంత్రానికి మోకాళ్ళు పట్టేస్తున్నాయి.

నిన్న ఆమె మోకాళ్ళకు నూనె రాస్తూ అడిగాను. "అత్తా, ఆ వీడియో చెరిపేసినాడు. ప్లాట్లు కూడా అమ్ముడుపోయినాయి. ఇంక పైన చీర ఎందుకు?"

"అది మళ్ళా వస్తే ముందే ఎట్ల తెలుస్తాదమ్మే?" అంది అత్త. "మనిషైతే దగ్గుతాడు."