సందు లేని గోదాం

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు రాదు. ఇంట్లో కనిపించిన పిల్లి నేను వీధి మలుపు తిరిగేసరికి చిరుతపులి అవుతుంది. నేను పది అంటే మా ఆవిడ మూడు అనుకుంటుంది, ఆ మూడింటిని కూడా ఇంకొకరిని అడిగి రూఢి చేసుకుంటుంది. మార్కెట్లో బస్తాకు తరుగు తీసినట్టు మీరూ నా మాటకు తరుగు తీసి చదువుకోండి.

దుమ్ముగూడెం పోయే రోడ్డు పక్కన నాకొక గోదాం ఉంది. గోదాం అన్నది బోర్డు మీది మాట. నిజానికి అది ఒక్క షట్టరున్న మడిగె, పైన సిమెంటు రేకులు. అందులో నిలబడి తుమ్మితే ఆ తుమ్ము ఎదురుగోడకు కొట్టుకుని మళ్లీ మన మొహానికే వస్తుంది. బల్లి దూరాలంటే తోక బయట వదిలి రావాలి. అడవి ఊళ్లలో చీపురుకట్టలు, కుంకుడుకాయలు, చింతపండు కొని అందులో దాచి ఖమ్మం పంపడం నా వ్యాపారం.

ఆ ఏడు రోహిణి కార్తె చివర్లో గాలిదుమారం లేచి, అడవి లోపలి ఒక ఊళ్లో ఆడవాళ్ల సంఘం షెడ్డు రేకులన్నీ ఎగిరిపోయాయి. నా అంచనా ప్రకారం అవి ఛత్తీస్‌గఢ్‌లో దిగాయి. ఆ షెడ్డులో వాళ్లు ఎండాకాలమంతా ఏరిన ఇప్పపువ్వు ఉంది. తెల్లవారకముందే చెట్ల కిందికి పోయి, ఒక్కొక్కటే ఏరి, ద్రాక్షలా ముడుచుకునేదాకా ఎండలో తిరగేసిన పువ్వు. సగం పువ్వును లడ్డూలు చేసేవాళ్లు పది రోజుల్లో లారీ తెచ్చి కొంటామన్నారు. మిగతా సగం వానాకాలంలో ఆ ఇళ్ల తిండి. చెమ్మ తగిలిందా, అది వేడెక్కి, నల్లబడి, జిగటై, సారా కంపు కొడుతుంది. ఇక లడ్డూకూ పనికిరాదు, కడుపుకూ పనికిరాదు.

ఆ సంఘానికి పెద్ద అయిన ముసలమ్మ ట్రాక్టరు మీద నూట ఇరవై బస్తాలతో వచ్చి దిగింది.

"పది దినాలు జాగ ఇయ్యయ్యా. లారీ వచ్చేదాంక."

"పది దినాలేంది అవ్వా, పదేండ్లు ఉంచుకో," అన్నాను. మాట ఇచ్చాక లోపలికి తొంగి చూశాను. సగం గోదాం నా చింతపండుతోనే నిండి ఉంది.

హమాలీ మేస్త్రి ఒక కన్ను మూసి కొలిచాడు. "అరవై పడ్తయన్నా. మిగిలినయి నీ నెత్తి మీద పెట్టుకుంటవా?"

అంతకు ముందే ఫోన్లో ఒక వీడియో చూసి ఉన్నాను. అందులో కోటు వేసుకున్న ఒకాయన, గోదాంలో నేలను కాదు ఎత్తును చూడాలనీ, అంగుళం కూడా ఖాళీ వదలకూడదనీ చెప్పాడు. నేనూ కోటు వేసుకున్నవాడిలాగే మాట్లాడాను. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, రేకులు తగిలేలా బస్తా మీద బస్తా వేసి నెట్టు కట్టమన్నాను.

ముసలమ్మ ఒప్పుకోలేదు. "మనిషి తిరిగేటంత సందు ఇడువు. మా ఇంట్ల వెదురు గుమ్మిల పోస్తం. పొద్దుగాల్నే మోచేతి దాంక చెయ్యి పెట్టి చూస్తం. ఎచ్చగుంటే తీసి ఆరవోస్తం. సందు లేకుంటే చెయ్యెట్ల పెడ్తవ్?"

"ఎండిన పువ్వుకు జరమొస్తదా అవ్వా?"

"వస్తది. పసిపిల్ల లెక్క చూసుకోవాలె."

"సందు ఇడిస్తే ఇరవై బస్తాలు బయట తడుస్తయి. ఏ ఇరవయ్యో నువ్వే చెప్పు."

ఆమె మబ్బు వంక చూసింది. మేస్త్రి నా చెవి దగ్గరికి వచ్చి, "చింతపండు తీసి మీ ఇంట్ల పెడ్దామా అన్నా?" అన్నాడు. నాకు వినపడనట్టు బీడీ వెలిగించుకున్నాను.

చివరి బస్తాలను నేను, మేస్త్రి, ట్రాక్టరు డ్రైవరు వీపులు ఆనించి లోపలికి నెట్టాం. షట్టరు పట్టుకుని గబ్బిలాల్లా వేలాడితే గానీ అది దిగలేదు. నూట ఇరవైకి నూట ఇరవై పట్టాయి. ఎలుక ఆవలించే చోటు కూడా మిగల్లేదని ఊరంతా చెప్పుకున్నాను. మూసిన షట్టరు ముందు నిలబడి ఫోటో కూడా తీయించుకున్నాను.

మర్నాడు వాన మొదలైంది. మూడు రోజులు తెరిపి ఇవ్వలేదు. చేపలు రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసుకుని దాటాయి. నాలుగో రోజు పొద్దున ఆ వానలోనే గోదాం దగ్గరికి వెళ్తే సారా వాసన. షట్టరు మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

తాళం తీసి లేపాను, లేవలేదు. మేస్త్రిని పిలిచాను, ఇద్దరం లేపాం. షట్టరు కడుపుతో ఉన్నదానిలా ముందుకు ఉబ్బింది.

"నెట్టు జారి దీని మీద వడ్డదన్నా. ఇది లెవ్వది."

గడ్డపార పెట్టాం, అది వంగింది. ట్రాక్టరుకు తాడు కట్టి లాగాం, తాడు తెగింది. రేకు తీద్దామంటే వాన లోపలికి పడుతుంది. తీయకపోతే లోపలిది ఉడికిపోతుంది. నేను షట్టరుకు చెవి ఆనించి నిలబడ్డాను, దవాఖానాలో తలుపు బయట నిలబడ్డ మనిషిలాగా. ఏం వినాలనుకున్నానో నాకే తెలియదు.

కబురందుకున్న ముసలమ్మ తల మీద యూరియా సంచి కప్పుకుని ఆటోలో వచ్చింది. షట్టరు మీద అరచెయ్యి ఆనించి, "రేకు తియ్యిండ్రి," అంది.

నలుగురు టార్పాలిన్ పట్టుకుంటే మేస్త్రి పైకెక్కి రేకు విప్పి, పై బస్తాలో చెయ్యి దూర్చాడు. "అన్నా, అన్నం కుండల పెట్టినట్టున్నది."

తీసినవి ఎక్కడ పెట్టాలో తెలియక చూస్తుంటే, రోడ్డు అవతలి చర్చి పాస్టరు బెంచీలు జరిపించి హాలు తెరిచాడు. విశాలమైన హాలు, పొడినేల, ఎనిమిది కిటికీలు. అంగుళాలు లెక్కపెట్టిన నాకు నాలుగు రోజుల కింద రోడ్డు దాటి అడగాలని తోచలేదు.

సాయంత్రానికి బస్తాలన్నీ చర్చిలో ఉన్నాయి. ముసలమ్మ ఒక్కో దాంట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి, కాసేపు ఆగి, ఇటు, అటు అని చూపించింది. మంచివి నలభై ఏడు. పోయినవి డెబ్బై మూడు. గోడ వారగా ఉన్న నా చింతపండుకు చుక్క తడి తగల్లేదు. అప్పుడామె నడుముకు కొంగు దోపుకుని నా మీదికి వచ్చింది.

"నోరు ఊరంత ఉన్నది, బుర్రల మాత్రం సందు లేకపాయె. నీ చింతపండు ఇంటికి మోస్తే నీ పెండ్లాం తరుముతదా? మా పిల్లలు ఈ వానలు ఏం తినాలె? నీ ఫోటో తినాలెనా?" పాస్టరు అడ్డం రాకపోతే నన్ను కూడా పాడైన బస్తాల వైపు చూపించేదే.

ఇక కల్పించిందేదో చెప్పాలి. బల్లి, చేపలు, రేకులు మీరెలాగూ తరుగు తీసే ఉంటారు. బస్తాల లెక్క నిజం. చింతపండు నిజం. ఆ తిట్లు మాత్రం నేను రాసుకున్నవి. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే చేతులు పట్టుకుని ఏదో ఒకటి అనేవాణ్ని. చింతపండు ఎందుకు తీయలేదని కూడా అడగలేదు. పోయిన పువ్వును చర్చి వెనక గుంటలో పోయించి, చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చింది.

"ఖాళీ సంచులు కట్ట కట్టియ్యయ్యా," అంది. "ఉతికి ఆరేసుకుంటం."